తొలి మోటారు రేజర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత రేజర్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. వణికే రేజరూ ఎలక్ట్రిక్ షేవరూ ఒకటేనా? పొడి షేవర్ తెచ్చిన షిక్ ముందా, పారేసే బ్లేడు తెచ్చిన గిల్లెట్ ముందా? తాతగారి పెట్టెలో దొరికినదాన్ని ప్లగ్‌లో పెట్టొచ్చా? అందుకే అన్నీ ఒకచోట చేర్చాను. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే వెళ్ళొచ్చు. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఈ కథలో అందరి కళ్ళూ మోటారు మీదే ఉంటాయి. నా మెప్పు మాత్రం చర్మానికీ కత్తి అంచుకీ మధ్య నిలబడ్డ ఆ పల్చటి రేకుకే.

## కరెంటుకు ముందు

సేఫ్టీ రేజర్ కనిపెట్టింది గిల్లెట్టే కదా?

కాదు. మంగలి కత్తికి అడ్డుకట్ట పెట్టాలన్న ఆలోచన చాలా పాతది. 1760ల్లోనే ఫ్రాన్సులో జాఁ జాక్ పెరె అనే కత్తుల పనివాడు కత్తికి చెక్క తొడుగు పెట్టి, అంచు కొద్దిగా మాత్రమే బయటికి కనిపించేలా చేశాడు. 1847లో ఇంగ్లండులో విలియం హెన్సన్ పిడికి అడ్డంగా బ్లేడు బిగించాడు. ఇవాళ్టి రేజర్ ఆకారం అక్కడినుంచే మొదలైంది. 1880లో న్యూయార్కులో కాంఫే సోదరులు తీసుకున్న పేటెంటులో బ్లేడు ముందు కాపు (చర్మాన్ని కాచే అడ్డు) కూడా ఉంది.

కింగ్ గిల్లెట్ కొత్తగా తెచ్చింది పారేసే బ్లేడు. సానపట్టే పనే లేకుండా, మొద్దుబారగానే తీసి పారేసేంత పల్చటి, చవకైన ఉక్కు రేకు. అంత పల్చటి ఉక్కుకి గట్టి అంచు నిలిచేలా తయారుచేసే పద్ధతిని విలియం నికర్సన్ అనే ఇంజనీరు సాధించాడు. ఆయన పేరు జనానికి తెలియకపోవడం అన్యాయం. కంపెనీ 1901లో బోస్టన్‌లో పుట్టింది. అమ్మకాలు మొదలైన 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాదికి రేజర్లు 90 వేలు దాటాయి. పేటెంటు చేతికొచ్చింది 1904 నవంబరు 15న.

అదే బ్లేడు వెంట్రుకను కోస్తుంది, చర్మాన్ని వదిలేస్తుంది. ఎలా?

అనుభవమున్న ఏ మంగలినడిగినా చెబుతారు: కత్తిని అంచుకు అడ్డంగా, వెంట్రుక మీదకి నెట్టాలి తప్ప, అంచు పొడుగునా పక్కకి జరపకూడదు. పదునైన అంచును మెత్తటి చర్మం మీద నేరుగా ఆనిస్తే చర్మం నొక్కుకుని ఊరుకుంటుంది. అదే అంచును కొద్దిగా పక్కకి లాగితే వెంటనే తెగి రక్తం వస్తుంది. వంకాయ తరిగేటప్పుడు కత్తిని నొక్కడానికీ, లాగడానికీ ఉన్న తేడాయే ఇది.

కాబట్టి కాపు పని రెండు రకాలు. అంచు చర్మంలోకి ఎంత లోతు దిగాలో, ఏ కోణంలో ఆనాలో అది నిర్ణయిస్తుంది. పక్కకి జారకుండా చూసుకునే బాధ్యత మాత్రం చేతిదే. రేజర్‌కి మోటారు పెట్టాలనుకున్న ప్రతివాడికీ చిక్కు ఇక్కడే ఎదురైంది. చెయ్యి అదుపులో ఉంచే కదలికను యంత్రం చేతికి ఇస్తే, అది అంచును ఎటు కదిలిస్తుంది?

## బ్లేడును వణికించిన రోజులు

రేజర్‌కి కరెంటు పెట్టాలని మొదట తోచింది ఎవరికి?

పేటెంటు రికార్డుల ప్రకారం న్యూయార్క్‌కు చెందిన జాన్ ఒ'రూర్క్‌కి. ఆయన దరఖాస్తు 1898 నాటిది. గిల్లెట్ కంపెనీ ఇంకా పుట్టనేలేదు. 1910లో విల్లిస్ షాకీ కరెంటుతో పని లేకుండా, కీ ఇచ్చి నడిపే సేఫ్టీ రేజర్‌కి పేటెంటు పొందాడు. ఆ రోజుల్లో అమెరికాలో కూడా చాలా ఇళ్ళకు కరెంటు లేదు, కాబట్టి అది తెలివితక్కువ ఆలోచనేమీ కాదు.

వణికే రేజర్ పిడిలో ఏముండేది?

ఎక్కువగా మూడు రకాలు.

ఒకటి విద్యుదయస్కాంతం. తీగ చుట్ట, దాని ముందు స్ప్రింగు మీద నిలిపిన ఇనుప ముక్క. ఏసీ కరెంటు (దిశ మార్చుకుంటూ పారేది) ప్రతి ఆవర్తనంలోనూ ఇనుపముక్కను రెండుసార్లు లాగుతుంది. అమెరికాలోని 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఆవర్తనాల) కరెంటు మీద నిమిషానికి 7,200 వణుకులు, మన 50 హెర్ట్జ్ మీద 6,000. మోటారు బ్రష్షులు (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) లేవు, తిరిగే భాగం లేదు, అరిగేదీ దాదాపు లేదు. అందం అంతా ఆ సాదాతనంలోనే ఉంది. కానీ డీసీ కరెంటు (ఒకే దిశలో పారేది) మీద ఇది ఒకసారి లాగి అలాగే అతుక్కుపోతుంది.

రెండోది చిన్న మోటారు, దాని ఇరుసుకి ఒకవైపే బరువు. ఇరుసు తిరిగినప్పుడు పిడి అంతా అదురుతుంది. చాలా ఫోన్లు వణికేది కూడా ఈ సూత్రం మీదే.

మూడోది గడియారపు స్ప్రింగు. ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో తయారైన స్టాలీ లైవ్ బ్లేడ్ ఈ రకానికి బాగా పేరున్న ఉదాహరణ. పిడిని మెలితిప్పి కీ ఇస్తే తల వణుకుతుంది. అందులో వేసుకునేది మామూలు రెండంచుల బ్లేడే. చేతిలో బరువుగా ఉంటుంది, లోపల పళ్ళచక్రాల చప్పుడు తెలుస్తుంది. పాత రేజర్లు దాచుకునేవాళ్ళు ఇప్పటికీ దీన్ని వదలరు.

వణుకు వల్ల గడ్డం నిజంగా బాగా తెగేదా?

కొంత హాయిగా అనిపించేది, అంతకుమించి చెప్పుకోదగ్గ లాభం లేదు. కారణం రూపకల్పనలోనే ఉంది. వణుకు పెద్దదైతే, ముఖ్యంగా అంచు పొడుగునా అయితే, చర్మం తెగుతుంది. అది జరగకూడదని వణుకును చాలా చిన్నది చేశారు. చిన్నది చేస్తే కోతలో దాని వాటా కూడా చిన్నదైపోతుంది. మిగిలేది రేజర్ చర్మం మీద కాస్త సులువుగా జారడం.

పైగా సబ్బు, నీళ్ళు, బ్రష్షు, బ్లేడు ఖర్చు ఏదీ తప్పలేదు. తడిచేత్తో కరెంటు తీగ ఉన్న వస్తువును పట్టుకోవాల్సి రావడం అదనం. గడ్డం గీసుకునే పనిలో మనిషిని విసిగించే భాగాలన్నీ అలాగే ఉంచి, విసిగించని భాగానికి యంత్రం పెట్టారు. ఆ దారి ముందుకి సాగకపోవడానికి ఇదే కారణమని నా నమ్మకం.

మరి ఈ రోజుల్లో కూడా బ్యాటరీతో వణికే రేజర్లు వచ్చాయిగా?

వచ్చాయి. 2004లో గిల్లెట్ ఎం3పవర్ తెచ్చింది. మూడు బ్లేడ్లు, పిడిలో ఒక్క ట్రిపుల్-ఎ బ్యాటరీ, ఒక చిన్న మోటారు. వణుకు వల్ల వెంట్రుకలు చర్మం నుంచి పైకి లేచి నిలబడతాయని ప్రకటనల్లో చూపించారు. పోటీ కంపెనీ షిక్ కోర్టుకి వెళ్ళింది. ఆ మాటకు ఆధారం లేదని 2005లో కనెటికట్‌లోని ఫెడరల్ కోర్టు తేల్చి, ఆ ప్రకటనలను ఆపించింది. రేజర్ మీద అభ్యంతరమేమీ రాలేదు, ఆ తర్వాత కూడా అది అమ్ముడైంది.

## షిక్ దారి

జేకబ్ షిక్ ఇంజనీరా, సైనికుడా?

సైనికుడు. అయోవాలో పుట్టి, అమెరికా సైన్యంలో చేరి ఫిలిప్పీన్స్‌లోనూ, అలాస్కాలోనూ పనిచేశాడు. ఉద్యోగం వదిలాక ఉత్తరాన బంగారం వెతుకుతూ ఉండగా కాలు బెణికి, గడ్డకట్టే చలిలో ఒంటరిగా గుడారంలో ఉండిపోయాడనీ, నీళ్ళు కాచుకుని గడ్డం గీసుకోవడమే నరకమైపోయి పొడి షేవర్ ఆలోచన అక్కడ పుట్టిందనీ కథ. వివరాలు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. చలిలో నీళ్ళు లేకుండా గీసుకోవాలన్న కోరిక మాత్రం ఆయన చేసిన ప్రతి యంత్రంలోనూ కనిపిస్తుంది.

తయారీదారులు మొదట ఎవరూ ఆసక్తి చూపలేదు. దాంతో 1920ల్లో ఆయన ముందు మ్యాగజైన్ రిపీటింగ్ రేజర్ తెచ్చాడు. తుపాకీలో తూటాల్లాగే బ్లేడ్లు పిడిలో వరసగా ఉంటాయి, ఒక్క తోపుతో కొత్త బ్లేడు తలలోకి చేరుతుంది, వేలు అంచుకి తగలదు. అది బాగా అమ్ముడుపోయింది. ఆ వ్యాపారాన్ని అమ్మేసి, వచ్చిన డబ్బంతా పొడి షేవర్ మీద పెట్టాడు. నడుస్తున్న కంపెనీని వదులుకుని ఎవరూ నమ్మని వస్తువు మీద పందెం కాసిన ఆ మొండితనం నాకు చాలా ఇష్టం.

మొదటి నమూనాని రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చేదట, నిజమేనా?

నిజమే. ఒక చేతిలో కోసే తల, ఇంకో చేతిలో మోటారు, రెంటినీ కలుపుతూ వంగే ఇరుసు. అప్పట్లో మోటార్లు అంత పెద్దవి, బరువైనవి. గొర్రెల ఉన్ని కత్తిరించే యంత్రాల్లోనూ, పళ్ళ డాక్టరు దగ్గరా అప్పటికే ఇదే అమరిక వాడుకలో ఉంది. అక్కడ పనికొచ్చింది ఇక్కడెందుకు పనికిరాలేదంటే, గడ్డం గీసుకునేవాడికి రెండో చెయ్యి ఖాళీగా ఉండాలి. బుగ్గ లాగి పట్టుకోవాలిగా! చర్మం బిగువుగా లేకపోతే ఏ రేజరూ సరిగా గీయదు. అందుకే మోటారు పిడిలోకి దూరేదాకా ఆ వస్తువు బజారులో నిలబడలేదు.

షిక్ షేవర్ తల లోపల ఏం జరుగుతుంది?

ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికన్నా ఆసక్తికరమైనది ఇదే.

పైన ఒక ఉక్కు రేకు, దానికి అడ్డంగా సన్నటి చీలికలు వరసగా ఉంటాయి. చర్మానికి తగిలేది ఈ రేకు మాత్రమే, ఇది కదలదు. దాని లోపల అలాగే చీలికలున్న ఇంకో చిన్న పట్టీ, స్ప్రింగు ఒత్తిడితో రేకుకి అతుక్కుని అటూ ఇటూ వేగంగా జరుగుతుంటుంది. చీలికలోకి దూరిన వెంట్రుక ఈ రెండు అంచుల మధ్య పడి కత్తెరలో పడ్డట్టు తెగుతుంది. మంగలి షాపులో మెడ వెనక వాడే కటింగ్ మిషను కూడా ఈ జాతిదే. 1919లో ఇల్లినాయిలోని స్టెర్లింగ్‌లో లియో వాల్ అయస్కాంతంతో నడిచే కటింగ్ మిషను తెచ్చాడు. కానీ మిషను వెంట్రుకను కొంత పొడవు వదిలేస్తుంది. షేవర్ చర్మం అంచుదాకా రావాలి.

చిక్కంతా ఈ రేకు మందంలో ఉంది. రేకు ఎంత మందమో అంత వెంట్రుక మిగిలిపోతుంది. నున్నగా రావాలంటే రేకు పల్చబడాలి. పల్చబడితే ముఖం మీద ఒత్తినప్పుడు వంగుతుంది, వంగితే లోపలి పట్టీతో సందు ఏర్పడి వెంట్రుక తెగక నలుగుతుంది, పీకినట్టు నొప్పెడుతుంది. చీలికలు వెడల్పు చేస్తే వెంట్రుకలు తేలిగ్గా దూరతాయి, వాటితోపాటు చర్మం కూడా ఉబ్బి లోపలికి వస్తుంది. ఇరుకు చేస్తే చర్మం క్షేమం, కానీ పడుకున్న వెంట్రుకలు దూరవు. మందం, చీలిక వెడల్పు, స్ప్రింగు బిగువు ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి. షిక్ చేసింది ఈ మూడింటికీ పొత్తు కుదర్చడం. సేఫ్టీ రేజర్‌లో అంచు పక్కన నిలబడ్డ కాపు, ఇక్కడ అంచును పూర్తిగా కప్పేసి కోతలో తానే సగం భాగమైంది. అంచు పక్కకి జరిగితే ప్రమాదమన్న పాత సమస్య కూడా దీంతో తీరిపోయింది, ఎందుకంటే కదిలే అంచు చర్మాన్ని తాకనే తాకదు.

సబ్బు పెట్టుకుంటే దీనికి ఇబ్బందేమిటి?

నీళ్ళు పీల్చుకున్న వెంట్రుక మెత్తబడుతుంది. బ్లేడుకి అది వరం. షేవర్‌కి మాత్రం వెంట్రుక నిక్కి నిలబడి చీలికలోకి దూరాలి. మెత్తబడినది వంగిపోయి పక్కకి జారుతుంది. చెమట పట్టిన ముఖం మీద కూడా ఇదే ఇబ్బంది. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్ళలో వాడేవాళ్ళు గీసుకునే ముందు కాస్త పౌడరు అద్దుకుంటే తేడా తెలుస్తుంది. తొలి షేవర్లలోకి నీరు చేరితే మోటారుకీ ప్రమాదమే.

తొలి షిక్ షేవర్‌కి పక్కన చిన్న చక్రం ఎందుకుంది?

బొటనవేలితో తిప్పి మోటారును లేపడానికి. లోపలున్నది చాలా సాదా మోటారు: ఒక తీగ చుట్ట, ఒక ఇనుప రోటరు (తిరిగే భాగం), కరెంటును సరైన క్షణంలో కలిపి విడదీసే పాయింట్లు. రోటరు తిరుగుతుంటే ఆ తోపులు దాన్ని పరుగెత్తిస్తాయి, కానీ ఆగిన చోటునుంచి తనంతట తాను లేవలేదు. అందుకే ప్లగ్ పెట్టాక చక్రాన్ని ఒక్కసారి చివుక్కుమని తిప్పాలి.

ఇంత అవస్థ ఎందుకంటే, ఇలాంటి మోటారు ఏసీ మీదా, డీసీ మీదా నడుస్తుంది. 1931లో న్యూయార్కులో చాలా భవనాలకు వచ్చేది డీసీ కరెంటే. ఆ నగరంలో చివరి డీసీ లైను తీసేసింది 2007లో అంటే నమ్ముతారా! ఏసీ మీద మాత్రమే పనిచేసే వస్తువైతే, మొదటి బజారులోనే చాలామంది కొనుగోలుదారులు పోయేవారు.

ధర 25 డాలర్లట. అంత పెట్టి ఎవరు కొన్నారు?

1931 మార్చి 18న న్యూయార్కులో అమ్మకానికి వచ్చినప్పుడు ధర అంతే. గిల్లెట్ తొలి సెట్టు 20 బ్లేడ్లతో కలిపి 5 డాలర్లు. పైగా అది మహామాంద్యం నడుస్తున్న కాలం. మొదటి ఏడాది సుమారు 3,000 మాత్రమే అమ్ముడయ్యాయి. లాభాలను ప్రకటనల్లోకి మళ్ళించడం, తర్వాత ధర 15 డాలర్లకు తగ్గించడం కలిసొచ్చి, 1937 నాటికి అమ్మకాలు 20 లక్షలకు చేరువయ్యాయి. ఆ ఏడాది జులైలోనే షిక్ చనిపోయాడు. అప్పటికి రెండేళ్ళ ముందే కెనడా పౌరసత్వం తీసుకున్నాడు.

పక్కింట్లో షేవర్ పెడితే రేడియోలో గరగర వచ్చేదట?

అవును. పాయింట్లు కలిసి విడిపోయినప్పుడల్లా చిన్న నిప్పురవ్వ పుడుతుంది, ఆ రవ్వ రేడియో తరంగాలను వెదజల్లుతుంది. పొద్దున్నే వార్తలు వినే వేళా, గడ్డాలు గీసుకునే వేళా ఒకటే కావడంతో ఫిర్యాదులు వచ్చేవి. పాయింట్లకు అడ్డంగా కండెన్సరు (కరెంటును కాసేపు నిల్వచేసుకునే భాగం) పెట్టి రవ్వను చల్లార్చేవారు.

## పోటీదారులు తెచ్చిన మార్పులు

సన్‌బీమ్ షేవ్‌మాస్టర్‌లో కొత్త ఏముంది?

1937లో వచ్చిన ఈ షేవర్‌ని చేసింది చికాగో ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ కంపెనీ, గుర్రాల, గొర్రెల వెంట్రుకలు కత్తిరించే యంత్రాలకు పేరుపడ్డ సంస్థ. తలను బల్లపరుపుగా కాకుండా వంపుగా చేశారు, చీలికలకు బదులు రేకునిండా చిల్లులు పెట్టారు. వంపు వల్ల పల్చటి రేకుకి కూడా బలం వస్తుంది, చర్మాన్నీ కాస్త సాగదీస్తుంది. బ్రష్షులున్న బలమైన మోటారు పెట్టడంతో చక్రం తిప్పే పని లేదు. టైపురైటర్ల కంపెనీ రెమింగ్టన్ రాండ్ కూడా అదే ఏడాది రంగంలోకి దిగింది.

ఫిలిప్స్ గుండ్రటి తల ఎందుకు ఎంచుకుంది?

అటూ ఇటూ జరిగే పట్టీ ప్రతి కొసనా ఆగి వెనక్కి తిరగాలి. ఆ ఆగడమే వణుకు, చప్పుడు, అరుగుదల. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఫిలిప్స్ ఇంజనీరు అలెగ్జాండర్ హోరోవిట్జ్ గుండ్రటి చీలికల టోపీ కింద బ్లేడ్లను ఒకే దిక్కుకి తిప్పాడు. 1939లో ఒకే తలతో ఫిలిషేవ్ వచ్చింది. వెంటనే యుద్ధం అడ్డుపడింది. ఒక తల ముఖానికి చాలడం లేదని 1950ల నాటికి రెండు, 1966లో మూడు పెట్టారు. అమెరికాలో ఫిల్కో కంపెనీ పేరుతో గొడవ రాకుండా దీన్ని నొరెల్కో అని అమ్మారు, మన వాళ్ళలో చాలామంది అది వేరే కంపెనీ అనుకుంటారు.

బ్రౌన్ రేకుకి అంత పేరెందుకు?

1950లో జర్మనీకి చెందిన మాక్స్ బ్రౌన్ తెచ్చిన ఎస్50 షేవర్‌లో పై రేకు వంగేంత పల్చన. బిగువుగా ఉండాల్సిన రేకును వంగనిచ్చి, కింద కట్టరును (కోసే భాగాన్ని) స్ప్రింగు మీద తేల్చడంతో, రేకు ఎటు వంగితే కట్టరూ అటే వస్తుంది. 1962 నాటి సిక్స్‌టాంట్ రేకును గుద్ది చిల్లులు పెట్టకుండా, విద్యుత్ పూత పద్ధతిలో పేర్చి తయారుచేశారు. ఆరు పలకల చిల్లుల మధ్య లోహం చాలా సన్నగా మిగులుతుంది. హాన్స్ గుగెలో, గెర్ట్ ఆల్ఫ్రెడ్ మ్యూలర్ అనే డిజైనర్లు దానికిచ్చిన నల్లటి పొట్టి రూపం ఆ తరవాత దశాబ్దాలపాటు షేవర్లకు ఒరవడి.

ఇదంతా జరుగుతుంటే గిల్లెట్ ఊరుకుందా?

1938లో సొంత ఎలక్ట్రిక్ షేవర్ తెచ్చింది, ఎక్కువకాలం నడపలేదు. బ్లేడ్లు అమ్ముకుని బతికే కంపెనీకి బ్లేడ్లు అక్కర్లేని వస్తువు మీద మనసు నిలవకపోవడం సహజమే.

తీగ లేని షేవర్ ఎప్పుడొచ్చింది?

చార్జింగ్ చేసుకునేది 1960లో, రెమింగ్టన్ లెక్ట్రానిక్. నికెల్-కాడ్మియం బ్యాటరీలు చేతిలో పట్టేంత చిన్నవయ్యాకే అది కుదిరింది.

## పాతది చేతికొచ్చినవాళ్ళకు

అమెరికా నుంచి తెచ్చిన పాత షేవర్‌ని మన ప్లగ్‌లో పెట్టొచ్చా?

వద్దు. ఆ కాలపు అమెరికా షేవర్లు 110 వోల్టులవి. మన 230 మీద పెడితే వోల్టేజి రెట్టింపు, వేడి దాదాపు నాలుగింతలు. క్షణాల్లో చుట్ట మాడిపోతుంది. కన్వర్టరు పెట్టినా ఇంకో ప్రమాదం మిగిలే ఉంటుంది. ఎనభై ఏళ్ళనాటి రబ్బరు తొడుగు బయటికి బాగున్నట్టే కనిపించి, వంచితే పెళుసుగా రాలిపోతుంది. ఎర్తింగు ఉండదు. బొమ్మలా దాచుకోండి. తప్పనిసరిగా నడిపి చూడాలంటే పాత యంత్రాలు తెలిసిన ఎలక్ట్రీషియను తీగ మార్చి, ఇన్సులేషను పరీక్షించాకే.

హోటల్ బాత్‌రూముల్లో "షేవర్స్ ఓన్లీ" అని రాసి ఉన్న ప్లగ్‌లో పెట్టొచ్చా?

ఆ సాకెట్ వెనక మెయిన్స్ నుంచి వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, తడి చోట షాకు ముప్పు తగ్గించడానికి. కొన్నిటిలో 110 వోల్టులు కూడా వస్తాయి. కొత్త షేవర్‌కి భేషుగ్గా ఉంటుంది. పాతదాని తీగ పెళుసుదైతే, దాన్ని ముఖం దగ్గర పెట్టుకోవడం అక్కడ కూడా క్షేమం కాదు.

మొద్దుబారిన తలకు సానపట్టొచ్చా?

రేకును గరుకు కాగితంతో రుద్దకండి, మందం ఒకేలా లేకపోతే ఎప్పటికీ పీకుతూనే ఉంటుంది. పాత షిక్ తరహా తలల్లో లోపలి పట్టీ, రేకూ ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ కొంతవరకు తమకు తామే పదునెక్కుతాయి. సాధారణంగా మొద్దుతనమనిపించేది ఎండిపోయిన నూనె, వెంట్రుకల పొడి. తల విప్పి మెత్తటి బ్రష్షుతో దులిపి, పల్చటి మిషను నూనె ఒక్క చుక్క వేసి చూడండి. విప్పేటప్పుడు పట్టీ ఏ దిక్కున ఉందో గుర్తు పెట్టుకోండి. ఇన్నేళ్ళు ఒకదానికొకటి అరిగి సర్దుకున్న జత అది, తిప్పి బిగిస్తే ఆ పొత్తు పోతుంది.